కుడివైపు తిరగని మెడ

శ్రీకూర్మంలో డోలోత్సవం నాడు పొద్దున్నే మా కచేరీ అయింది. వదిన పాడింది, నేను వయొలిన్ వాయించాను. ఎండ ముదరకముందే ముగించి, ప్రసాదం తిని బయల్దేరాం. మెడ గురించి చెప్పడానికి కూర్చుని పాట దగ్గర మొదలుపెట్టానంటే, ఆ పొద్దుటిదాకా నాకు మెడ అనేది ఒకటి ఉందన్న స్పృహే లేదు. పాట ఉండేది, చేతివేళ్లు ఉండేవి, వదిన ముఖం ఉండేది. వాటన్నిటినీ కలిపి పట్టుకున్నది మెడ అని తర్వాతే తెలిసింది.

వదిన అంటే నా భర్తకు అక్క. అంతకన్నా ముందు మా నాన్నగారి శిష్యురాలు. విజయనగరంలో మా ఇంట్లో నాన్నగారు సంగీతం చెప్పేవారు. చీపురుపల్లి అవతల ఊళ్లో, వరీ వేరుశెనగా పండించుకునే ఇంటి నుంచి, ఆమె రైలెక్కి వచ్చి పాట నేర్చుకునేది. తోడు వచ్చే తమ్ముడు పాఠం అయ్యేదాకా మా వీధి గుమ్మంలో కూర్చుని, జేబులో తెచ్చుకున్న వేరుశెనగకాయలు వొలుచుకు తినేవాడు. పాట ఒక్క ముక్క వినేవాడు కాదు. అతన్నే నేను పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు బస్సుస్టాండు దగ్గర ట్రాక్టర్ల విడిభాగాల షాపు నడుపుతున్నాడు. వదినా నేనూ మాత్రం చిన్నప్పుడు మొదలుపెట్టిన పాఠాన్నే వేదికల మీద కొనసాగిస్తూ వచ్చాం. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, శ్రీరామనవమి పందిళ్లు.

పక్కవాద్యానికి చెవి ఎంత ముఖ్యమో చూపూ అంతే ముఖ్యం. పాడేవాళ్లకు ఎడమపక్క వయొలిన్, కుడిపక్క మృదంగం కూర్చోవడం ఆనవాయితీ. అంటే వదిన ఎప్పుడూ నా కుడివైపు. ఆమె ఊపిరి తీసుకోగానే గొంతు దగ్గర చిన్న నరం కదులుతుంది. స్వరం ఇంకా బయటికి రాలేదు, కానీ వస్తోందని ఆ నరం చెబుతుంది. అది చూసి నా కమాను లేస్తుంది. ఇన్నేళ్లూ మా కచేరీలు నడిచింది అలాగే.

శ్రీకాకుళంలో కూతురింటి దగ్గర వదిన ఆగిపోయింది. కారులో నేనూ, నడుపుతూ మా ఆయనా, ఇద్దరమే. వెనక సీట్లో పెట్టెలో వయొలిన్. వదిన కూతురు డబ్బాలో బూరెలు కట్టి ఇచ్చింది. రణస్థలం దాటి, విజయనగరం వైపు తిరిగే కూడలి దగ్గరికొచ్చేసరికి రోడ్డంతా భోగాపురం విమానాశ్రయం పనులకు తిరిగే టిప్పర్లు, దుమ్ము. ముందు బళ్లు ఆగాయి. ఆయన కూడా ఆపాడు.

"ఇంకోటి ఉన్నాదేటి?" అన్నాడు.

నేను డబ్బా మూత తీసి, ముఖం కుడివైపు తిప్పి, బూరె ఆయన నోటికి అందించబోయాను. అప్పుడు వెనక నుంచి వ్యాను గుద్దింది.

పెద్ద శబ్దం కూడా కాదు. లారీ మీంచి వడ్ల బస్తా నేల మీద పడేసినట్టు ధబ్బుమంది. సీటు నా వీపును ముందుకు తోసింది. తల మాత్రం నాతో పాటు రాలేదు. వెనకే ఉండిపోయి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు విసురుగా వచ్చింది. బూరె ఎక్కడ పడిందో తెలియదు.

దిగి చూస్తే మా కారు వెనక రేకు లోపలికి పోయింది. వ్యాను నిండా ఉద్దానం కొబ్బరికాయలు. కొన్ని రోడ్డు మీద దొర్లుతున్నాయి. నడిపే మనిషి పెద్దవాడు. టిప్పరు దుమ్ములో బండి ఆగిందని కనిపించలేదన్నాడు. అబద్ధమేమీ కాదు, మాకే ముందున్నది సరిగా కనిపించలేదు.

"తల్లీ, నీకేటి అవ్వలేదు గదా" అని అడిగాడు.

ఏమీ కాలేదన్నాను. నిజంగానే అలా అనిపించింది. ముందు వెనక సీటు తలుపు తీసి వయొలిన్ చూసుకున్నాను. పెట్టె కింద పడింది గానీ వయొలిన్‌కి దెబ్బ తగల్లేదు. తీగలు కాస్త వదులయ్యాయి, అంతే. హమ్మయ్య అనుకున్నాను. ఆయన కూడా తన మెడ ఒకసారి రాసుకుని, ఆ పెద్దాయనతో గొడవ పడకుండా పంపేశాడు. పోతూపోతూ ఆ పెద్దాయన రెండు కొబ్బరికాయలు మా కారులో పెట్టి వెళ్లాడు. ఇంటికొచ్చి వంట చేశాను. సాయంత్రం పిల్లలు పాఠానికి వస్తే చెప్పాను కూడా.

మర్నాడు పొద్దున్న దిండు మీంచి తల ఎత్తబోతే లేవలేదు.

నొప్పి కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. లేవాలని అనుకుంటున్నాను, తల లేవడం లేదు. చివరికి చెయ్యి తల వెనక్కి పెట్టుకుని, బరువైన బిందె ఎత్తినట్టు నా తలను నేనే ఎత్తుకున్నాను. అప్పుడు వచ్చింది నొప్పి. మెడ వెనక నుంచి చెవి వెనక్కి, అక్కడి నుంచి కుడి కంటి మీదికి పాకింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ బాగున్నాయి. ఎముకల డాక్టరు ఓపికగా చెప్పాడు. కారును వెనక నుంచి గుద్దినప్పుడు ఒళ్లు సీటుతో పాటు ముందుకు పోతుందట, తల వెనకబడుతుందట, మళ్లీ ముందుకు విసురుతుందట. కొరడా ఝళిపిస్తే చివర ఎలా విసురుతుందో అలా. అందుకే దాన్ని విప్‌లాష్ అంటారట. లోపల కండరాలు, నరాలు సాగుతాయి, ఎముకలను పట్టి ఉంచే కట్లు సాగుతాయి. అవేవీ ఎక్స్‌రేలో కనిపించవు. ఆ క్షణంలో తల ఏదో ఒక పక్కకు తిరిగి ఉంటే దెబ్బ ఎక్కువ. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది, కొంతమందికి ఎంతో కొంత మిగిలిపోతుంది అన్నాడు. నేను ఏ రకమో ఇప్పుడే చెప్పలేనన్నాడు. మెడకు పట్టీ ఇచ్చి, దాన్ని ఎక్కువ రోజులు పెట్టుకోవద్దని, నొప్పి ఉన్నా నెమ్మదిగా కదిలిస్తూ ఉండమని చెప్పాడు.

మా ఆయన మెడ వారం తిరక్కుండానే బాగైపోయింది. అదే కారు, అదే దెబ్బ. ఆయన ముఖం అప్పుడు నేరుగా రోడ్డు మీదికి ఉంది, నాది ఆయన మీదికి ఉంది. ఆ మాట నేనెప్పుడూ అనలేదు గానీ ఆయనకు అనకుండానే అర్థమైంది. చాలాకాలం బూరెల పేరెత్తలేదు.

నొప్పి ఒక్క మెడలో ఆగితే బాగుండేది. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేపితే భుజాల మధ్య మంట. కింద పడ్డ వస్తువు తీయబోతే గది తిరిగినట్టు ఉండేది. మధ్యాహ్నానికి తలనొప్పి మొదలై, సాయంత్రానికి చిన్న చప్పుడు కూడా భరించలేకపోయేదాన్ని. సంగీతం చెప్పే ఇంట్లో చప్పుడు పడకపోతే ఏం చేస్తాం? పిల్లలకు పాఠాలు ఆపేశాను. అన్నిటికన్నా భయపెట్టింది మరుపు. నాన్నగారు గోదావరి పాయలా మా నోట్లో పారించిన కీర్తనల్లో చరణం మధ్యలో మాట దొరికేది కాదు. తీగ మీద వేలు ఎక్కడికి పోవాలో వేలికి తెలుసు, నాకు తెలియదు.

ఒక పొద్దున్న అద్దం ముందు చేతులు దించేసి కూర్చుంటే ఆయన వెనక నిలబడి దువ్వెన తీసుకున్నాడు.

"నాకు రాదనుకుంటన్నావేటి. పగ్గం పేనడం నాకు సిన్నప్పుడే వచ్చు" అన్నాడు.

నిజంగానే పగ్గంలా వేశాడు. ఎద్దుకు కట్టడానికి సరిపోయేంత గట్టిగా. తల వెనక నుంచి లాగితే మెడ ఇంకా నొప్పి పెట్టింది. రెండోనాడు వదులుగా వేస్తే బజారుకు వెళ్లేలోపల ఊడిపోయింది. గ్రీజు మరకలు ఎంత తోమినా పోని ఆ వేళ్లకు నా జుట్టు ఒడుపు తెలియడానికి కొంతకాలం పట్టింది. తర్వాత్తర్వాత పాయలు విడదీసేటప్పుడు ఎడంచేత్తో నా తల బరువు ఆనించుకునేవాడు. ఆ కాసేపు మెడకు పని ఉండేది కాదు. రోజు మొత్తంలో నాకు హాయిగా ఉన్న సమయం అదే. జడ అయిపోయినా, అయిపోయిందని ఆయన చెప్పేవాడు కాదు.

పట్టీతో బయటికి వెళ్తే ఒక విచిత్రం జరిగేది. జనం దాన్ని చూసి, తమ మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చేవారు. కూరల దుకాణం ఆవిడ, "మా ఆయనకీ ఇలగే అయ్యిందమ్మా, బస్సు బ్రేకేసినాడు, అంతే" అంది. మా వీధి మలుపులో ఆటో నడిపే అతను, తనను వెనక నుంచి గుద్దిన బండి సంగతి చెప్పి, ఇప్పటికీ వెనక్కి చూడాలంటే నడుం మొత్తం తిప్పుతానని చూపించాడు. అతని ఆటో ఎన్నిసార్లు ఎక్కానో. ఒళ్లంతా తిప్పి వెనక్కి చూస్తుంటే అది అతని అలవాటనుకున్నాను. వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ గదిలో నా పక్క బల్ల మీద బడి టీచరొకావిడ ఉండేది. స్కూటీ మీద సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి మోటారుసైకిలు తగిలింది. పడను కూడా పడలేదట. కాలు నేల మీద ఆనించే ఉందట. "పడి ఉంటే ఇంట్లో నమ్మేవారు" అంది. ఆ మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది.

సాలూరు నుంచి ఒక లారీల యజమాని మా షాపుకు వచ్చేవాడు. చిన్నప్పుడు క్లీనరుగా మొదలై, డ్రైవరై, ఇప్పుడు సొంత బళ్లు పెట్టుకున్న మనిషి. నన్ను షాపులో పట్టీతో చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. రాయగడ ఘాట్‌లో తన లారీని వెనక లారీ గుద్దిన రోజు గురించి చెప్పాడు. బండికేమీ కాలేదట. ఆ పొద్దు నుంచి నేటివరకు చలికాలం తెల్లారితే మెడ బిగుసుకుపోతుందట. మా ఊళ్లో స్టీరింగు పట్టినవాడెవణ్ణి అడిగినా ఏదో ఒక గుద్దుడు కథ చెబుతాడు, ఎవడూ దెబ్బ తగిలిందని మాత్రం అనడు, మెడ పట్టిందంటాడు అన్నాడు. ఆ తర్వాత మా ఆయనతో, "ఆడమనిషి మెడ నొప్పంటే నసుగుడనుకోకు బావ. నిజంగా ఉంటాది" అని చెప్పి లేచాడు.

ఇంతమందిలో ఉన్న నొప్పి ఇన్నాళ్లూ నా కంట పడలేదు. కాలు విరిగితే కట్టు ఉంటుంది, జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. దీనికి బయటి గుర్తేమీ లేదు. నేను పట్టీ తీసేసిన రోజు నుంచి నా నొప్పి కూడా ఎవరికీ కనిపించకుండా పోయింది. డాక్టరు చెప్పిందే చేశాను. కానీ పట్టీ పోగానే, బాగైపోయింది కదా అని పిలుపులు మొదలయ్యాయి. రాలేనంటే ముఖం మాడ్చుకున్నారు. చుట్టాల్లో ఒకావిడ పరామర్శకు వచ్చి, కాఫీ తాగుతూ, అదంతా మనసులో ఉంటుందమ్మా, పని పెట్టుకుంటే అదే పోతుంది అని వెళ్లింది.

ఆవిడ వెళ్లాక నాకూ అనుమానం వచ్చింది. ఎక్స్‌రేలో లేదు, చూసేవాళ్లకు లేదు, ఆయనకు వారంలో తగ్గింది. నేనే పట్టుకు వేలాడుతున్నానేమో. ఆ మాటే ఆయనతో అన్నాను. షాపు నుంచి భోజనానికి వచ్చాడు, చెయ్యి కడుక్కుంటున్నాడు. తుడుచుకోకుండానే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు నొప్పెక్కువైతే కుడికన్ను పక్కన నరం కొట్టుకుంతాది. నువ్వు సెప్పకముందే నాను సూత్తాను. ఎక్స్‌రేకి కనపడకపోతే పోనీ. నాకు కనిపిత్తన్నాది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే మెడ నొప్పి పెడుతుంది, అయినా ఏడ్చాను.

వానలు పడేనాటికి తలనొప్పులు తగ్గాయి. మాటలు మళ్లీ దొరకసాగాయి. మెడ ఎడమవైపు బాగానే తిరుగుతోంది. కుడివైపు మాత్రం కొంతదూరం పోయి, తలుపు గడియ పడినట్టు ఆగిపోయేది. అక్కడి నుంచి బలవంతం చేస్తే ఆ రోజంతా పోయినట్టే. వయొలిన్ ఒళ్లోకి తీసుకుని చిన్న చిన్న స్వరాలు వాయించుకునేదాన్ని. కాసేపయ్యాక ఆపేసేదాన్ని. వదిన ఆదివారాలు వచ్చి వెళ్లేది. పాట సంగతి ఎత్తేది కాదు. మామిడి తాండ్ర తెచ్చేది, పొలం కబుర్లు చెప్పేది.

శ్రావణంలో ఒక రోజు వచ్చి, కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

"ఒసే, నానొకళ్లని పెట్టుకుంటన్నాను పక్కన. ఒక పెళ్లోలికి మాట ఇచ్చీసినాను. నీకు ముందు సెప్పకుండా పాడలేను."

పాడు వదినా అన్నాను. పాడకపోతే నాన్నగారు ఊరుకోరన్నాను. నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరం నవ్వాం గానీ ఆమె కళ్లలోకి నేను చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

ఆ కచేరీకి వెళ్లాను. వద్దని ఆయన అన్నా వెళ్లాను. వెనక వరసలో, గోడకు తల ఆనించుకునే చోటు చూసి కూర్చున్నాను. వదిన పక్కన కుర్రవాడు వాయించాడు. చెయ్యి శుభ్రంగా ఉంది. తప్పులేమీ లేవు. వదిన ఆలాపన మధ్యలో అలవాటు కొద్దీ ఎడమవైపు చూసింది. చూసి, తేరుకుని, మళ్లీ ఎదురుగా చూసింది. అంతకుముందు నాకెప్పుడూ అలాంటి నొప్పి రాలేదు. అది మెడలోది కాదు.

తర్వాత రెండో రోజే వదిన వచ్చింది. చాప తీసుకుని, నా పక్కన కాకుండా, సరిగ్గా నా ఎదురుగా పరుచుకుని కూర్చుంది. నాన్నగారు పాఠం చెప్పేటప్పుడు అలా ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. శ్రుతి పెట్టమంది. పెట్టాను. ఆమె ఒక పాత కీర్తన మొదలుపెట్టింది. మెడ తిప్పే పని లేదు. కళ్లెత్తితే ఆమె ముఖం ఉంది. ఆమె గొంతు దగ్గర నరం కదిలింది, నా కమాను లేచింది. చరణానికి వచ్చేసరికి భుజం మండుతోంది. ఆపబోతే వదినే ముందు ఆపింది.

"సాలు. రేపు మళ్లీ వత్తాను" అంది.

అలా రోజూ కాసేపు. కానీ వేదిక మీద ఎదురెదురుగా కూర్చోలేం కదా. జనానికి వీపు చూపించి ఎవరు వాయిస్తారు? ఆ మాట ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి వెళ్లలేననుకున్నాను. అంత ఎత్తున మాను కొసన కూర్చున్న పూజారిని చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. వెనక్కి వాలిస్తే నాకు కళ్లు తిరుగుతాయి. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క ఏడు తప్పకుండా చూశాను. మా ఆయనే మధ్యాహ్నం బయల్దేరదీశాడు. ఊరేగింపు దారిలో తెలిసినవాళ్ల బట్టల కొట్టు మేడ మీదికి తీసుకెళ్లి, పిట్టగోడ పక్కన కుర్చీ వేయించాడు. కింద వీధి నిండా జనం. మాను వచ్చినప్పుడు కొసన ఉన్న పూజారి నా కళ్లకు ఎదురుగా, నేను ఎటూ తిరగకుండా, ఎక్కడికీ వంగకుండా, సరిగ్గా నా ఎత్తులో సాగిపోయాడు. ఇన్నేళ్లూ కింది నుంచి చుక్కలా చూసిన మనిషి ముఖం మొదటిసారి చూశాను. చెమట పట్టి ఉంది. మా ఆయన నా పక్కన నిలబడి అందరిలాగే మాను మీదికి అరటిపండ్లు విసురుతున్నాడు, ఏదో పొలం పని చేస్తున్నంత శ్రద్ధగా.

దీపావళి దాటాక వదిన ఒక వార్త తెచ్చింది. బొబ్బిలి వైపు ఒక పెళ్లిలో ఒకరి మృదంగం విన్నదట. మృదంగం వాయించే మనిషి, నడివయసువాడు, పోస్టాఫీసులో ఉద్యోగం. ఎడంచేతి వాటం. మృదంగంలో అసలు పలుకు పలికే ముఖం, మామూలుగా అయితే కుడిచేతికి ఉంటుంది. ఆ ముఖం జనం వైపు ఉండాలి కాబట్టి వాళ్లు పాడేవారి కుడిపక్కన కూర్చుంటారు. ఎడంచేతి వాటం మనిషికి అంతా తారుమారు. అతను ఎడమపక్కన కూర్చోవాలి, వయొలిన్ కుడిపక్కకు మారాలి. వయొలిన్ వాళ్లు చాలామంది ఒప్పుకోరు. వాళ్ల అలవాటు చెడుతుంది. అందుకని అంత బాగా వాయించే మనిషిని పిలిచేవాళ్లు తక్కువ.

నాకు అప్పటికే అర్థమైంది. వయొలిన్ కుడిపక్కకు మారితే వదిన నాకు ఎడమవైపు ఉంటుంది. ఎడమవైపు నా మెడ తిరుగుతుంది.

అతను మా ఇంటికొచ్చిన రోజు కాళ్లు కడుక్కుని, మృదంగం గోడకు ఆనించి, కాస్త బెరుగ్గా కూర్చున్నాడు. చిన్నప్పుడు చెయ్యి మార్చమని ఇంట్లో కొట్టేవారట. గురువుగారు మాత్రం అలాగే ఉండనివ్వండి అన్నారట. వదిన నా సంగతి ముందే చెప్పినట్టుంది. కాఫీ గ్లాసు ఎడంచేత్తో అందుకుని అన్నాడు.

"మీకు కుడేపు మెడ తిరగదంట గదమ్మా. నాకు కుడిసెయ్యి తిరగదు. ఎవులూ కష్టపడక్కర్లేదు."

ముగ్గురం సాధన మొదలుపెట్టాం. మొదట్లో నాకే ఇబ్బందిగా ఉండేది. జీవితమంతా కుడివైపు నుంచి వచ్చిన గొంతు ఎడమవైపు నుంచి వస్తుంటే, సొంత ఇంట్లో తలుపు మరో గోడకు మారినట్టు తడబడేదాన్ని. అతను తొందరపెట్టేవాడు కాదు. నేను ఆగినచోట తాళం వేస్తూ ఉండేవాడు, నేను అందుకునేదాకా.

మాఘమాసంలో సాలూరు లారీల యజమాని కూతురి పెళ్లి వచ్చింది. సాయంత్రం కచేరీ మాదేనని అతను ముందే చెప్పాడు. కారులో వెళ్లడమే నాకు పెద్ద పరీక్ష. వెనక సీట్లో వదిన పక్కన కూర్చున్నాను. వెనక ఏ బండి హారను కొట్టినా ఒళ్లు బిగుసుకునేది, రెండు చేతులా సీటు పట్టుకునేదాన్ని. మా ఆయన దారంతా ముందు రోడ్డు ఎంత చూశాడో అద్దంలో వెనక రోడ్డూ అంత చూశాడు. బళ్లు ఆగినచోటల్లా ఎడంచెయ్యి వెనక్కి చాపి నా మోకాలి మీద పెట్టాడు. వదిన చూడనట్టు కిటికీలోంచి కొండలు చూసింది.

వేదిక మీద నేను వదిన కుడిపక్కన కూర్చోగానే ముందు వరసలో గుసగుసలు వినిపించాయి. వరస తప్పిందని అనుకుని ఉంటారు. వదిన పట్టించుకోలేదు. పాట ఎత్తుకోబోతూ నా వైపు చూసింది. నేనూ ఎడమవైపు తిరిగి చూశాను. ఇన్నేళ్లుగా పాడేటప్పుడు నేను చూసింది ఆమె ఎడమ చెంప. జనం ముందు పాడేటప్పుడు మాత్రమే, స్వరం ఎత్తుకునే ముందు ఆమె కుడి కనుబొమ సన్నగా పైకి లేస్తుందని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. అవతలి వైపు ఉండిపోవడం వల్ల, ముందు వరసలో కూర్చుని వినే నాన్నగారికి తెలిసి ఉండేది నాకు తెలియకుండా పోయింది. ఆ కనుబొమ లేచింది. నేను వాయించాను.

కచేరీ మొత్తం నొప్పి లేకుండా గడిచిందంటే అబద్ధం. తని ఆవర్తనంలో మృదంగం ఒక్కటే మోగుతుంటే వయొలిన్ దించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, భుజాలు వదులు చేసుకున్నాను. అతను అది గమనించి కాస్త ఎక్కువసేపే వాయించాడని వదిన తర్వాత అంది. జనం తాళం వేస్తూ కూర్చున్నారు. లారీలు నడిపే ఊరు కదా, మృదంగం వాళ్లకు బాగా పట్టింది. ఆఖరి కీర్తన అయ్యాక కుడికన్ను పక్కన నరం కొట్టుకుంటోంది. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. అది నాకు ముందే తెలుసు. డాక్టరు చెప్పిన ఆ మూడో రకం మనిషిని నేను, ఎంతో కొంత మిగిలిపోయే రకం. ఇప్పుడు పెద్ద కచేరీలు ఒప్పుకోను. ఒప్పుకున్నదానికి ముందూ వెనకా ఖాళీ ఉంచుకుంటాను. వదినా, మృదంగం ఆయనా దానికి తగ్గట్టే మాట ఇస్తారు.

కచేరీ అయ్యాక భోజనాలు. ఆ ఇంట్లో వాద్యం వాయించినవాళ్లను కింద కూర్చోబెట్టి ఆకు వేసి వడ్డించడం మర్యాద. పట్టుబట్టి వరసలో కూర్చోబెట్టారు. కింది ఆకు మీదికి తల వంచితే నాకు మెడ వెనక పట్టేస్తుంది. ఎవరితోనూ అనకుండా అన్నం కలుపుతున్నాను. మా ఆయన లేచి వంటల షెడ్డులోకి పోయి, కూరలు తరిగే పొట్టి బల్ల ఒకటి కడిగించి తెచ్చి, నా ఆకు దాని మీద పెట్టాడు. వరసంతా నా వైపు చూసింది. నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

పక్కనున్న మృదంగం ఆయన తన ఆకు చూసుకుని, "నాకూ నడుం లాగుతన్నాది బాబూ, ఇంకోటి ఉంటే సూడండి" అన్నాడు. ఉంది, తెచ్చారు. అప్పుడు వదిన మా ఇద్దరి వైపూ చూసింది.

"మరి నానొక్కదాన్నే కింద కూకుని తింతానేటి" అంది.

మూడో బల్ల దొరకలేదు. ఎవరో కొబ్బరి చిప్పలు వేసే గంప బోర్లించి ఇచ్చారు. ఆకు ఒక పక్కకు వాలుతూనే ఉంది, సాంబారు జారుతూనే ఉంది. వదిన ఎడంచేత్తో ఆకు అంచు పట్టుకుని, తీరిగ్గా, రెండోసారి పులిహోర వేయించుకుని తింది.